ప్లాస్టిక్ ఇటుకలతో బొమ్మ క్రాస్‌బో చేద్దాం

వేసవి సెలవులకు దేవరకొండ నుంచి మా అక్క కొడుకు పాలమూరుకు వచ్చాడు. తొమ్మిదేళ్లవాడు. వస్తూ వస్తూ ఒక సంచి నిండా ఒకదానికొకటి అతికించి ఆడుకునే ప్లాస్టిక్ ఇటుకలు తెచ్చుకున్నాడు. రెండో రోజుకే ఇళ్లు కట్టడం, కార్లు చేయడం అయిపోయాయి. "మామా, బాణం వేసేది చేద్దామా?" అన్నాడు. అలా మొదలైంది ఈ క్రాస్‌బో, అంటే పలక మీద అడ్డంగా బిగించి, మీట నొక్కితే బాణం వదిలే విల్లు. మూడు సార్లు కట్టి విప్పాక నాలుగోసారి కుదిరింది. ఆ నాలుగో నమూనానే ఇక్కడ చెబుతున్నాను. మీ ఇంట్లో పిల్లలతో కూర్చుని చేయండి. అన్ని ముక్కలూ చేతిలో ఉంటే ఒక సాయంత్రం పని.

ముందు ఒక విషయం అర్థం కావాలి. ఇది అర్థం కాకే మా మొదటి రెండు ప్రయత్నాలూ పాడయ్యాయి. అసలు విల్లులో బలం దాచుకునేది విల్లు బద్ద. అచ్చంపేట దాటి మన్ననూరు వైపు వెళ్తే నల్లమల చెంచుల దగ్గర వెదురు విల్లు కనిపిస్తుంది. నారి లాగితే వెదురు వంగుతుంది, వదిలితే తిరిగి తిన్నగా అవుతుంది, ఆ ఊపులో బాణం పోతుంది. మేమూ అలాగే సన్నని ప్లాస్టిక్ పట్టీని వంచి విల్లు చేయబోయాం. రెండు సార్లు లాగేసరికి పట్టీ మధ్యలో తెల్లటి గీత వచ్చింది. మూడోసారికి ముక్క విరిగింది. ఈ ఇటుకలను ఏబీఎస్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. అది గట్టిది, కొలత తప్పదు, కానీ వెదురులా పదేపదే వంగడానికి పనికిరాదు. తెల్లబడిందంటే లోపల చీలడం మొదలైనట్టే. కాబట్టి మన క్రాస్‌బోలో విల్లు బద్ద అసలు వంగకూడదు. సాగే పని అంతా రబ్బరు బ్యాండ్లదే. ఒక రకంగా ఇది గులేరుకు పలక కట్టినట్టు ఉంటుంది.

రెండోది కొలతలు. డెన్మార్క్‌కు చెందిన లెగో కంపెనీ ఇటుకల మీద ఉండే బొడిపెలు ఒకదాని నుంచి ఇంకోదానికి 8 మిల్లీమీటర్ల దూరంలో ఉంటాయి. ఇటుక ఎత్తు 9.6 మి.మీ. ప్లేట్ అనే పలచటి ముక్క ఎత్తు 3.2 మి.మీ. అంటే మూడు ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పెడితే ఒక ఇటుక ఎత్తు. పైన బొడిపెలు లేని నున్నటి పలచ ముక్కను టైల్ అంటారు, దాని ఎత్తూ 3.2 మి.మీ. లోపల గొట్టాలున్న ఈ ఇటుకకు డెన్మార్క్‌లో పేటెంటు కోసం దరఖాస్తు చేసింది 1958 జనవరి 28న. అప్పటి ముక్క ఇప్పటి ముక్కకు కూడా అతుక్కుంటుందంటే ఆ కొలతల వల్లే. మన నమూనా కూడా ఆ 3.2 మి.మీ. మీదే నడుస్తుంది. బాణం ఆనే గాడి లోతు అంతే, నారిని ఆపే మెట్టు ఎత్తూ అంతే.

అదే కొలతతో వచ్చే వేరే డబ్బాలు కూడా పనికొస్తాయి. కొనేటప్పుడు రెండు ఇటుకలు కలిపి చూడండి. తలకిందులు చేసి ఊపితే ఊడిపోయే రకం అయితే వదిలేయండి. మేము ఒకసారి బజారులో చవగ్గా దొరికిందని కొన్న డబ్బాలో సగం ముక్కలు వదులుగా ఉన్నాయి, వాటితో ఇది నిలబడదు. డబ్బా మీద ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో కూడా చూడండి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే పిల్లల బొమ్మలకు అది తప్పనిసరి.

కావలసిన ముక్కలు

పక్కన రంధ్రాలు ఉండే పొడవైన 1×16 ఇటుకలు రెండు. 1×16 అంటే వెడల్పు ఒక బొడిపె, పొడవు పదహారు బొడిపెలు, మిగతా అంకెలూ అంతే. అలాగే రంధ్రాలున్న 1×6 ఇటుక ఒకటి, ఇది మీట అవుతుంది. మామూలు 1×8 ఇటుక ఒకటి, 1×2 ఇటుక ఒకటి. విల్లు బద్దకు 2×16 ప్లేట్ ఒకటి, 2×6 ప్లేట్లు నాలుగు. కింద పట్టీలుగా వేయడానికి 2×3 ప్లేట్లు మూడు. 1×8 ప్లేట్లు ఐదు, 1×3 ప్లేట్లు మూడు, 1×1 ప్లేట్ ఒకటి. టైళ్లు ఎన్ని దొరికితే అన్ని తెచ్చుకోండి, వాటిలో 1×4వి ఆరు, 1×3వి నాలుగు, 1×1వి రెండు ఉండేలా చూసుకోండి. ఐదు బొడిపెల పొడవున్న ఇరుసు ఒకటి, అది జారకుండా రెండు చివర్లా బిగించే చిన్న గొట్టం ముక్కలు, అంటే బుష్‌లు, రెండు.

ఇవి కాక రబ్బరు బ్యాండ్లు రెండు, మందపాటి నూలు దారం, కాగితం స్ట్రాలు, స్పాంజి ముక్క, టేపు. ప్లాస్టిక్ స్ట్రాలు 2022 జూలై 1 నుంచి నిషేధం. కొబ్బరిబొండాల బండి దగ్గర అడిగితే కాగితం స్ట్రాలు ఇస్తారు, బాణానికి అవే మంచివి కూడా.

మొదటి పని: మొండెం

రెండు 1×16 ఇటుకలను పక్కపక్కన పెట్టండి, మధ్యలో ఒక బొడిపె వెడల్పు ఖాళీ వదలండి. ఆ ఖాళీలో ముందు వైపు నుంచి 1×8, దాని వెనక 1×2 పెట్టండి. అంటే మధ్య వరుస పదో బొడిపె దగ్గర ఆగిపోతుంది, వెనక ఆరు బొడిపెల మేర ఖాళీగా ఉంటుంది. ముందు చివరను ఒకటో బొడిపె అనుకుని లెక్కపెట్టుకోండి, ఇకపై నేను చెప్పే అంకెలన్నీ అవే.

మూడు వరుసలూ విడిపోకుండా అడుగున 2×3 ప్లేట్లు అడ్డంగా బిగించాలి. ఒకటి 1, 2 బొడిపెల కింద, ఒకటి 8, 9 కింద, ఒకటి 10, 11 కింద. రెండోది మధ్య వరుసలో రెండు ఇటుకలు కలిసే చోట పడుతుంది. ఇల్లు కట్టే మేస్త్రిని అడగండి, కింది వరుసలో అతుకు ఉన్న చోట పై వరుసలో అతుకు రానివ్వడు. ఇక్కడా అదే పద్ధతి, పైన వేసే ప్రతి వరుసకీ అతుకులు తప్పించండి. 11 దాటాక అడుగున ఏమీ పెట్టకండి, మీట కదలడానికి చోటు కావాలి.

రెండో పని: విల్లు బద్ద

2×16 ప్లేట్‌ను మొండెం పైన అడ్డంగా, 2, 3 బొడిపెల మీద నొక్కండి. ఒక బొడిపె వెడల్పున్న పట్టీ వాడకండి. మాది విరిగింది ఆ రకమే. రబ్బరు వెనక్కి లాగుతుంది కాబట్టి ముందు నుంచి వెనక్కి ఎంత వెడల్పు ఉంటే బద్దకు అంత బలం.

ఇక్కడే మమ్మల్ని ఒక పూటంతా ఏడిపించిన చిక్కు ఉంది. బద్దకు పదహారు బొడిపెలు, అది సరి సంఖ్య. మొండెం వెడల్పు మూడు, అది బేసి. సరిగ్గా మధ్యలో పెట్టడం కుదరదు. ఒక వైపు ఆరు బొడిపెలు, ఇంకో వైపు ఏడు బయటికి వస్తాయి. మేము రబ్బరును రెండు వైపులా చివరి బొడిపె దగ్గరే తగిలించాం. ప్రతి బాణమూ ఒక పక్కకే పోయింది. "మామా, ఎన్నిసార్లు ఏసినా ఎడమకే పోతున్నది" అని వాడు విసిగిపోయాడు. గాడి వంకరగా ఉందేమో అని దాన్ని రెండు సార్లు విప్పి కట్టాం. చివరికి వాడే నేల మీద బోర్లా పడుకుని బొడిపెలు లెక్కపెట్టి, "ఇటు ఆరు, అటు ఏడు ఉన్నయి" అని అరిచాడు. ఆ సంతోషం నాకు ఇంకా కళ్లముందే ఉంది. బద్ద ఎక్కడ ముగుస్తుందో దాంతో పని లేదు, రబ్బరు తగిలే చోట్లు రెండూ మొండెం నుంచి సమాన దూరంలో ఉండాలి. ఏడు ఉన్న వైపు చివరి బొడిపెను అలాగే వదిలేయండి.

మొండేనికి ఆనుకుని రెండు వైపులా, బద్ద మీద 2×6 ప్లేట్లు ఒకదాని మీద ఒకటి రెండేసి వేయండి. దాంతో బద్ద మందం 9.6 మి.మీ. అవుతుంది. ఏడు ఉన్న వైపు ఒక వరుస బొడిపెలు ఖాళీగా మిగులుతాయి, అదీ మన లెక్క తప్పలేదనడానికి గుర్తు.

మూడో పని: గాడి

ఒకటో బొడిపె వరుస మీద 1×3 ప్లేట్ అడ్డంగా పెట్టండి. బద్ద వెనక నుంచి, అంటే 4 నుంచి 11 దాకా, మూడు వరుసల మీదా 1×8 ప్లేట్లు మొండెం పొడవునా పెట్టండి. ఇప్పుడు పైభాగమంతా ఒకే ఎత్తు.

దాని మీద మధ్య వరుసలో 1 నుంచి 11 దాకా టైళ్లు వేయండి. 1×4వి రెండు, 1×3 ఒకటి సరిపోతాయి. ఇది బాణం జారే నేల. రెండు పక్క వరుసల్లో టైళ్లకు బదులు ప్లేట్లు వేయండి, ముందు 1×8, వెనక 1×3. ఆ ప్లేట్ల మీద మళ్లీ టైళ్లు. అంటే మధ్య నేల కంటే పక్క అంచులు 3.2 మి.మీ. ఎత్తున ఉంటాయి, గాడి వెడల్పు 8 మి.మీ.

ఈ లోతే ఎందుకంటే, కాగితం స్ట్రా లావు సుమారు 6 మి.మీ. ఉంటుంది. గాడిలో పెడితే దాని నడిమి భాగం సరిగ్గా అంచుల ఎత్తుకు వస్తుంది. నారి అంచుల మీద జారుకుంటూ వచ్చి స్ట్రా నడిమిని తాకుతుంది. గాడి ఇంకా లోతుగా ఉంటే నారి బాణం మీద నుంచి దాటిపోతుంది. గాడే లేకపోతే బాణం పక్కకు దొర్లుతుంది.

అంచు టైళ్లలో వెనక చివరిది, 11వ బొడిపె దగ్గర ముగిసేది, తప్పకుండా 1×4 ఉండాలి. లాగి పెట్టిన నారి ఆనేది దాని వెనక అంచు మీదే. అక్కడ ఒక బొడిపె టైల్ పెడితే నారి దాన్ని పీకేస్తుంది. అంచు ముందు భాగానికి ఇంకో 1×4, 1×3 వేస్తే లెక్క సరిపోతుంది.

నాలుగో పని: మీట

దీన్ని నిదానంగా చేయండి, ఈ బొమ్మకు ప్రాణం ఇదే. పార్కులో పిల్లలు చెరో పక్క కూర్చుని ఊగే సీసా బల్ల గుర్తుందా, మీట అచ్చం అంతే. వెనక కొన బొటనవేలితో నొక్కితే ముందు కొన లేస్తుంది, లేస్తూ నారిని పైకి నెడుతుంది, నారి మెట్టు దాటి వదులుతుంది.

రంధ్రాలున్న 1×6 ఇటుకను మధ్య వరుసలో 12వ బొడిపె నుంచి మొదలయ్యేలా పెట్టండి. 11వ బొడిపె దగ్గర ఒక ఖాళీ ఉండాలి. మీట వెనక కొన మొండెం కంటే ఒక బొడిపె మేర బయటికి పొడుచుకొస్తుంది, బొటనవేలు పెట్టేది అక్కడే. మొండెం పక్క ఇటుకలకు వెనక నుంచి రెండో రంధ్రం, మీటకు మధ్య రంధ్రం, ఈ మూడూ ఒకే వరుసలోకి వస్తాయి. వాటి గుండా ఇరుసు దూర్చి, రెండు పక్కలా బుష్‌లు బిగించండి. బుష్‌లు మరీ బిగుతైతే మీట కదలదు. కాగితం పట్టేంత సందు ఉంటే చాలు.

ఇప్పుడు పక్క వరుసల్లో 12వ బొడిపె మీద ఒక్కో 1×1 టైల్ వేయండి. మీట ముందు కొన బొడిపె మీద 1×1 ప్లేట్ పెట్టి, దాని మీద 1×3 టైల్‌ను అడ్డంగా నొక్కండి. ఈ అడ్డ టైల్ రెండు రెక్కలూ పక్క టైళ్ల మీద ఊరికే ఆనుతాయి, అతుక్కోవు. అందువల్ల మీట ముందు కొన కిందకు జారిపోదు, పైకి మాత్రం లేస్తుంది. పైగా నారిని ఒక్క చుక్క దగ్గర కాకుండా మొండెం వెడల్పంతా ఒకేసారి ఎత్తుతుంది.

ఒకసారి పక్క నుంచి చూడండి. 11 దాకా అంచులు ఎత్తుగా వచ్చి, 12 దగ్గర ఒక్కసారిగా 3.2 మి.మీ. కిందకు మెట్టు దిగాలి. నారి ఆ మెట్టు వెనక కూర్చుంటుంది. మీట నొక్కి చూడండి, అడ్డ టైల్ అంచుల ఎత్తు దాటి లేవాలి. లేవకపోతే మీట ఎక్కడో రాసుకుంటోంది, చాలావరకు బుష్‌ల బిగువే కారణం.

ఐదో పని: నారి

ఇంట్లో కూర పొట్లాలకు చుట్టి వచ్చే చిన్న రబ్బరు బ్యాండ్లు రెండు తీసుకోండి. మడిచి పెడితే ఒక్కోటి నాలుగు సెంటీమీటర్లు ఉండేవి అయితే సరిపోతాయి. రెండింటినీ నాలుగైదు సెంటీమీటర్ల దారంతో కలిపి ముడి వేయండి. మధ్యలో దారం, రెండు చివర్లా రబ్బరు. దారం ఎందుకంటే మెట్టు దగ్గర రాపిడి ఎక్కువ, రబ్బరు అక్కడ త్వరగా తెగుతుంది.

ఒక్కో బ్యాండును బద్దకు ఐదో బొడిపెకూ ఆరో బొడిపెకూ మధ్య తొడగండి, పై బొడిపెలు దాన్ని జారనివ్వవు. మొండెం నుంచి ఐదు, ఆరు అని రెండు వైపులా లెక్కపెట్టండి. ఊరికే ఉన్నప్పుడు నారి వేలాడకుండా బిగుతుగా నిలిస్తే చాలు. వెనక్కి లాగి మెట్టు వెనక పెడితే ఒక్కో రబ్బరు దాదాపు రెట్టింపు సాగుతుంది. రబ్బరుకు అది పెద్ద కష్టం కాదు.

పిల్లలు ఇక్కడ ఆగరు. "ఇంకో రెండు బ్యాండ్లు వేద్దాం, ఇంకా దూరం పోతది" అంటారు. వద్దని గట్టిగా చెప్పండి. బలం పెరిగితే మొదట వెనక చివరి టైల్ లేస్తుంది, తర్వాత బద్ద తెల్లబడుతుంది, ఊడిన ముక్క ఎగిరేది పట్టుకున్నవాడి ముఖం వైపే. బాణం వేగమూ బొమ్మకు ఉండాల్సిన దాని కంటే ఎక్కువవుతుంది. ఒక్కో వైపు ఒక్క బ్యాండే.

బాణం

కాగితం స్ట్రాను 10 సెంటీమీటర్లకు కత్తిరించండి. వెనక కొనను టేపుతో మూయండి, లేదంటే దారం స్ట్రా రంధ్రంలో ఇరుక్కుంటుంది. ముందు కొనకు చిటికెన వేలి గోరంత స్పాంజి పెట్టి టేపు రెండు మూడు చుట్లు చుట్టండి. గాడి పొడవు 88 మి.మీ., బాణం 100 మి.మీ. కాబట్టి స్పాంజి తల గాడి బయటే ఉంటుంది, ఎక్కడా తగలదు. టేపు బరువు వల్ల తల వైపు కాస్త బరువుగా ఉండి బాణం పల్టీ కొట్టకుండా తిన్నగా పోతుంది. ఈకలు, రెక్కలు పెట్టకండి, గాడిలో పట్టవు.

అగ్గిపుల్ల, టూత్‌పిక్, పెన్సిల్, సూది, ఇటుక ముక్క, ఇవేవీ ఇందులో పెట్టి వేయకూడదు. ఈ ఒక్క మాట దగ్గర నేను పిల్లలతో బేరం ఆడను. కంటికి తగిలితే స్పాంజి అయినా నొప్పే, పుల్ల అయితే చూపు పోతుంది. మనుషుల వైపు, కుక్కలు, పిట్టల వైపు గురి పెట్టకూడదు, ఉత్తిదే అయినా సరే. మా ఇంట్లో ఈ నియమం తప్పినవాడికి ఆ రోజుకు ఆట బంద్. మూడేళ్ల లోపు పిల్లలు ఉన్న ఇంట్లో అయితే ఆట అయ్యాక ముక్కలన్నీ ఏరి లెక్కపెట్టండి. 1×1 టైల్ వాళ్ల గొంతులో అడ్డుపడేంత చిన్నది.

వేయడం

మొండేన్ని ఎడమ చేత్తో పట్టుకుని, కుడిచేతి రెండు వేళ్లతో దారాన్ని గాడికి రెండు పక్కలా పట్టి సమానంగా వెనక్కి లాగండి, మెట్టు దిగిందాకా. నారి కూర్చున్నాక వేళ్లు తీసి, అప్పుడు బాణం పెట్టండి. ముందే బాణం పెట్టి లాగకండి. వెనక కొన దారానికి తగిలి ఉండాలి, మధ్యలో సందు వద్దు. తర్వాత బొటనవేలితో మీట నొక్కండి.

బాణం లేకుండా ఊరికే వదలకండి. బాణం తీసుకెళ్లాల్సిన ఊపంతా బద్ద మీదే పడి అతుకులు వదులవుతాయి.

బాణం పైకి లేచిపోతుంటే రబ్బరు బద్ద మీద మరీ పైకి జరిగిందేమో చూడండి. నారి ఎప్పుడూ గాడి అంచులను కొద్దిగా కిందకు అదుముతూ ఉండాలి. నారి తనంతట తానే మెట్టు మీద నుంచి జారిపోతుంటే కూడా అదే కారణం. పక్కకు పోతుంటే ముందు బొడిపెలు లెక్కపెట్టండి, తర్వాత రెండు బ్యాండ్లూ ఒకే పొడవు ఉన్నాయా చూడండి. ఒకటి పాతది, ఒకటి కొత్తది కలిపితే పాతది ఎక్కువ సాగి బాణం వంకర పోతుంది. మార్చితే రెండూ ఒకేసారి మార్చండి.

గురికి మేము కాగితం టీ గ్లాసులు వాడాం. కింద మూడు, మీద రెండు, ఆపైన ఒకటి పేర్చి, వరండాలో ఆరేడు అడుగుల దూరం నుంచి మొదలుపెట్టండి. వెనక పాత దుప్పటి వేలాడదీస్తే బాణాలు దానికి తగిలి అక్కడే పడతాయి, మంచాల కింద వెతికే పని ఉండదు.

మన ఎండల సంగతి కూడా చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండలో, పాలమూరులో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. డాబా మీద వదిలేసిన రబ్బరు బ్యాండు కొద్ది రోజుల్లోనే పెళుసుబారి, లాగగానే పుటుక్కున తెగుతుంది. తెగిన రబ్బరు చేతికి తగిలితే చురుక్కుమంటుంది. ఆట అవగానే నారి విప్పేయండి. లాగి పెట్టి రాత్రంతా ఉంచితే రబ్బరు సాగిపోయి బలం తగ్గుతుంది. బ్యాండ్లకు కాస్త ముఖానికి రాసే పౌడర్ పట్టించి మూత ఉన్న డబ్బాలో నీడలో పెట్టండి, ఒకదానికొకటి అంటుకోవు. వాడే ముందు ఒకసారి సాగదీసి వెలుతురులో చూసి, సన్నటి పగుళ్లు కనిపిస్తే పారేయండి. ఇటుకలు దుమ్ము పడితే సబ్బు కలిపిన మామూలు నీళ్లతో కడగండి. వేడినీళ్లు వద్దు, ముక్కల ఆకారం చెడితే పట్టు పోతుంది.

సెలవులు అయిపోయి మా అల్లుడు దేవరకొండ బస్సెక్కేటప్పుడు క్రాస్‌బోను విప్పి టిఫిన్ డబ్బాలో సర్దుకున్నాడు. మీట, ఇరుసు, బుష్‌లు మాత్రం విప్పలేదు. ఆ భాగాన్ని అలాగే దస్తీలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.